నారుమడి చిన్నది, పొలం పెద్దది: పాతికేళ్లకే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 25, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నుదుటికి రెండు పక్కలా మూలలు లోపలికి వెళ్లాయి, నడినెత్తి పలచబడుతోంది. నాన్నగారికి చెవుల మీదుగా ఒక అంచు తప్ప జుట్టు లేదు. ఫిబ్రవరిలో పెళ్లిచూపులు మొదలుపెడదామనుకుంటున్నారు. ఒక క్లినిక్ వాళ్లు ఫోన్‌లో మీ ఫోటోలు చూసి "4,000 గ్రాఫ్టులు, ఒకే సిట్టింగ్, 70 వేలు, ఈ నెలాఖరు వరకే ఆఫర్" అన్నారు. అమ్మగారేమో మందార నూనె చాలంటున్నారు. జుట్టు ఊడడం ఆపడానికి ఇచ్చే ఫినాస్టెరైడ్ మాత్ర గురించి ఏవేవో చదివి భయపడ్డారు. మధ్యలో మీ అక్కగారికి కాన్పయిన మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని కూడా రాశారు. ఆపరేషనా, మందులా అన్నది మీ ప్రశ్న.

నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. విజయవాడలో పద్దెనిమిదేళ్ల ప్రాక్టీసు, అందులో పదకొండేళ్లుగా ట్రాన్స్‌ప్లాంట్లు కూడా చేస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఆపరేషన్ వద్దు. ఎప్పటికీ వద్దనడం లేదు. కనీసం ఏడాది మందులు వాడి, ఊడడం ఆగిందో లేదో చూసుకున్నాక ఆ మాట మాట్లాడుకోవచ్చు. ఎందుకో అర్థం కావాలంటే కొంచెం పొడుగ్గా చెప్పాలి.

మగవాళ్లలో వచ్చే ఈ బట్టతలకి కారణం హెల్మెట్ కాదు, హైదరాబాద్ బోరు నీళ్లూ కాదు. నీళ్లు పడకపోతే వెంట్రుక గరుకవుతుంది, విరుగుతుంది, అంతవరకే. అసలు సంగతి వేరు. ఒంట్లో టెస్టోస్టిరాన్ నుంచి డీహెచ్‌టీ అని ఇంకో హార్మోన్ తయారవుతుంది. వంశపారంపర్యంగా కొందరి నెత్తి మీది కుదుళ్లు దాన్ని తట్టుకోలేవు. వెంట్రుక ఊడుతుంది, అదే కుదురులో మళ్లీ వస్తుంది, కానీ వచ్చిన ప్రతిసారీ ముందుకంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. అలా కొన్ని విడతలు తిరిగేసరికి నూగు మిగులుతుంది. ఆ తర్వాత అదీ ఉండదు. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్లకి ఈ బెడద చాలా తక్కువ. మీ నాన్నగారికి ఆ అంచు మిగిలింది అందుకే.

ఆ అంచులోంచి కుదుళ్లు తీసి ముందు పెడితే అవి పాత గుణాన్నే నిలుపుకుంటాయి. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే డాక్టర్ 1950లలో చేసి చూపించి, 1959లో ప్రచురించిన విషయం ఇది. ఇప్పుడు పరికరాలు మారాయి, పేర్లు మారాయి, కానీ అందరం నిలబడింది ఆ ఒక్క సంగతి మీదే. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. నాటిన వెంట్రుక నిలుస్తుంది, దాని పక్కన ముందు నుంచీ ఉన్న వెంట్రుక మాత్రం తన దారిన తాను ఊడిపోతూనే ఉంటుంది. ఆపరేషన్ ఊడడాన్ని ఆపదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి తెలియనిది, క్లినిక్‌ల నుంచి ఫోన్ చేసే కౌన్సిలర్లు చెప్పనిది ఇదే.

మాది దివిసీమ. వరి ఊరు. ఈ ఆపరేషన్ గురించి ఎవరికి చెప్పాలన్నా నాకు నాట్లే గుర్తొస్తాయి. నారుమడిలోంచి నారు పీకుతాం, కట్టలు కడతాం, దమ్ము చేసిన పొలంలో నాటుతాం. పీకేటప్పుడు వేరు తెగితే ఆ మొక్క పోయినట్టే. కట్టలు గట్టు మీద ఎండలో పడి ఉంటే సగం చస్తాయి. మరీ లోతుగా నాటితే కుళ్లుతుంది, పైపైన నాటితే తేలిపోతుంది. నాటిన కొత్తలో పొలమంతా పసుపుపచ్చగా వాడిపోయి కనిపిస్తుంది, మూన తిరిగాక, అంటే వేళ్లు పట్టాక గానీ పచ్చబడదు. తల మీదా అక్షరాలా ఇంతే. తేడా ఒక్కటి. వరికి నారు చాలకపోతే ఇంకో మడి పోసుకోవచ్చు, పక్క రైతుని అడగొచ్చు. తలకి ఒకటే నారుమడి. ఒకసారి పీకిన చోట మళ్లీ మొలవదు. ఇంకొకరిది మీకు పనికిరాదు, మీ ఒళ్లు దాన్ని ఉండనివ్వదు.

ఆ మడి ఎంతో లెక్క చూడండి. వెంట్రుకలు ఒకటి నుంచి నాలుగు వరకు కలిసి గుత్తిగా మొలుస్తాయి. ఆ గుత్తినే గ్రాఫ్ట్ అంటాం. తల వెనక చదరపు సెంటీమీటరుకి సుమారు 60 నుంచి 80 గుత్తులు ఉంటాయి. వెనక బోసిగా కనిపించకుండా జీవితం మొత్తం మీద తీయగలిగింది చాలామందికి 4,000 నుంచి 6,000. ఇప్పుడు పొలం సంగతి. మీ నాన్నగారంత బట్టతల అంటే ఖాళీ దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. సహజమైన ఒత్తులో సగం, అంటే చదరపు సెంటీమీటరుకి 40 చొప్పున పెట్టినా 8,000 కావాలి. మీకు నాన్నగారి దారే పడితే, ఎంత గొప్ప డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ పొలం మొత్తం నిండదు. ఏ మూల నింపాలి, ఏ మూల వదిలేయాలి అని ఎంచుకోవాలి. 25 ఏళ్లకి ఆ ఎంపిక చేయలేం, ఎందుకంటే పొలం ఎంతవరకు ఖాళీ అవుతుందో ఇంకా తెలియదు. ఇవాళ 4,000 తీసి ముందు మూలలకీ నడినెత్తికీ పంచేస్తే, 40 ఏళ్లకి మధ్యలో ఖాళీ పడినప్పుడు తీయడానికి ఏం మిగులుతుంది?

ఇది ఊహించి చెప్పడం లేదు. నేను ట్రాన్స్‌ప్లాంట్లు మొదలుపెట్టిన రెండో ఏడు గుడివాడ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. 23 ఏళ్లు, సంబంధం కుదిరింది, తండ్రి కూడా వెంట వచ్చారు. నేను స్కెచ్ పెన్‌తో నుదుటి మీద గీత గీశాను. అద్దంలో చూసుకుని "ఇంకో వేలు కిందికి దించండి సార్, ఇంటర్‌లో నాకు ఇక్కడిదాకా ఉండేది" అన్నాడు. తండ్రి వైపు చూశాను. ఆయన తల చూశాక అయినా నేను ఆగాల్సింది. దించాను. 2,600 గ్రాఫ్టులు పెట్టాను. ఏడాదికి చాలా బాగా వచ్చింది, బందరు లడ్డూ డబ్బాతో వచ్చి దండం పెట్టి వెళ్లాడు. ఇంకేం, జుట్టు వచ్చేసింది కదా అని మందులు మానేశాడు. గట్టిగా పిలిచి చెప్పాల్సిన బాధ్యత నాది, నేనూ చెప్పలేదు. కొన్నేళ్ల తర్వాత టోపీ పెట్టుకుని వచ్చాడు. తీసి చూపించాడు. ముందు గట్టు మీద గడ్డిలా ఒత్తుగా ఒక పట్టీ, దాని వెనక నడినెత్తి దాకా నున్నగా ఖాళీ. అసలు బట్టతలైతే ఎవరూ ఆగి చూడరు. ఈ తలని చూసిన ప్రతివాళ్లూ ఆగి చూస్తున్నారని చెప్పి ఏడ్చాడు. వెనక మిగిలిన దానిలోంచి 1,100, గడ్డం కిందనుంచి కొన్ని తీసి ఆ పట్టీ వెనక పలచగా కలిపాను, నెత్తి మీద రంగు చుక్కల పచ్చబొట్టు వేయించాను. ఇప్పుడు పర్వాలేదు. కానీ ఆ మొదటి గీత నాది, ఆ తప్పు నాది. అప్పటి నుంచి పాతికేళ్ల లోపు వాళ్లకి, ప్రమాదాల మచ్చలూ కాలిన మచ్చలూ ఉంటే తప్ప, నేను కత్తి పట్టడం లేదు.

ఇక మందుల గురించి. మీరు భయపడుతున్న ఫినాస్టెరైడ్ నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ కేసులో అన్నిటికంటే పనికొచ్చేది అదే. టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీగా మారడాన్ని అది అడ్డుకుంటుంది. రక్తంలో డీహెచ్‌టీ దాదాపు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ప్రొస్టేట్ వాపుకి 5 మిల్లీగ్రాముల మాత్రగా 1992లోనూ, బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా 1997లోనూ అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే పాతికేళ్లకి పైగా జనం వాడుతున్న మందు. అయిదేళ్లు చేసిన పరీక్షల్లో, మాత్ర వేసుకున్న పదిమందిలో సుమారు తొమ్మిది మందికి ఇంకా ఊడడం ఆగింది, వాళ్లలో సగం మందికి ఎంతో కొంత తిరిగి వచ్చింది. పోలిక కోసం మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నలుగురిలో ముగ్గురికి ఇంకా పలచబడింది. మీరు చదివిన భయాలన్నీ అబద్ధం అని నేను అనను. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగ్గా లేకపోవడం లాంటివి పరీక్షల్లో వందకి సుమారు నలుగురికి వచ్చాయి, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ వందకి ఇద్దరికి వచ్చాయి. చాలామందికి మానేస్తే పోతాయి. కొద్దిమంది మానేశాక కూడా పోలేదని చెప్తున్నారు, వాళ్ల మాట నేను కొట్టిపారేయను. మనసు దిగులుగా మారడం, ఆత్మహత్య ఆలోచనలు రావడం గురించి కూడా మందు కాగితంలోనే హెచ్చరిక ఉంది. 2025లో యూరప్ మందుల సంస్థ దాన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. కాబట్టి ఇదివరకు డిప్రెషన్ ఉన్నవాళ్లకి నేను ఈ మాత్ర రాయను. మీకు అలాంటిదేమైనా ఉంటే డాక్టర్ దగ్గర దాచకండి.

పెళ్లయ్యాక ఇంకో రెండు జాగ్రత్తలు. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన మాత్రని ఆవిడ ముట్టుకోకూడదు, మగపిల్లాడైతే కడుపులో ఎదుగుదలకి ఇబ్బంది. కొద్దిమందికి వీర్యకణాలు తగ్గుతాయి, మానేస్తే తిరిగి పెరుగుతాయి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఆలస్యమైతే డాక్టర్‌కి ఈ మాత్ర సంగతి చెప్పాలి. రక్తదానం చేసే అలవాటుంటే, మానేసిన నెల తర్వాతే ఇవ్వాలి. మాత్ర వేసుకోవడం అసలు ఇష్టం లేకపోతే నెత్తికి రాసుకునే ఫినాస్టెరైడ్ ఉంది. రక్తంలోకి తక్కువ వెళ్తుంది. తక్కువే గానీ, అసలు వెళ్లదని కాదు.

రెండోది మినాక్సిడిల్. ఇది నిజానికి రక్తపోటు మాత్ర. వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి నెత్తికి రాసే మందుగా మార్చారు. 5 శాతం ద్రావణం రోజుకి రెండు పూటలా ఒక్కొక్క మిల్లీలీటరు. చాలామంది చేసే పొరపాటు, జుట్టుకి రాస్తారు. పాపిడి తీసి చర్మానికి పట్టించాలి, నాలుగు గంటలు తడపకూడదు. మొదలుపెట్టిన రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడొచ్చు. కొత్త వెంట్రుక కిందనుంచి పాతదాన్ని నెట్టడమే అది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది సరిగ్గా అప్పుడే భయపడి సీసా పారేస్తారు. దయచేసి ఆ తప్పు చేయకండి. నాలుగు నుంచి ఆరు నెలలకి తేడా తెలుస్తుంది. మానేస్తే వచ్చినది నాలుగైదు నెలల్లో పోతుంది. దురద, పొక్కులు వస్తే ఫోమ్ వాడొచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ సీసా, రాసుకున్న దిండు గలేబు దానికి దూరంగా ఉంచండి, పిల్లులకి అది విషం. తక్కువ మోతాదులో మినాక్సిడిల్ మాత్రగా కూడా ఇస్తున్నాం. రక్తపోటు, గుండె చూడకుండా మెడికల్ షాపులో అడిగి వేసుకునే మందు మాత్రం కాదది. కాళ్ల వాపు, గుండె దడ రావొచ్చు.

ఈ రెండూ కలిపి వాడితే మీ వయసులో, కుదుళ్లు ఇంకా బతికి ఉన్న చోట, బాగా పనిచేస్తాయి. నడినెత్తిలో ఎక్కువ, నుదుటి మూలల్లో తక్కువ.

పీఆర్‌పీ అడుగుతారని తెలుసు. మీ రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని నెత్తిలోకి సూదులతో ఎక్కిస్తారు. కొందరికి వెంట్రుక లావెక్కుతుంది. కానీ ఎన్నిసార్లు, ఎంత గాఢతలో అనేది ఒక్కో చోట ఒక్కో రకం. మందులకి తోడుగా పెట్టుకుంటే నేను కాదనను. మందులు మానేసి ఇది ఒక్కటే చేయించుకుంటానంటే మీ డబ్బు దండగ. బయోటిన్ బిళ్లలు, గమ్మీలు లోపం ఉన్నవాళ్లకే. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ తింటూ రక్తపరీక్షకి వెళ్తే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది, గుండెపోటు పరీక్ష కూడా తప్పొచ్చు. 2017లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

అమ్మగారి మందార నూనె గురించి. రాయించుకోండి. మంచిదే. వెంట్రుక చిట్లదు, మృదువుగా ఉంటుంది, వారానికి ఒకసారి అమ్మ చేత తల అంటించుకుంటే మనసుకీ హాయి. గుంటగలగర, ఉసిరి కూడా అంతే. ఆ నూనె డీహెచ్‌టీని ఆపలేదు, అది ఒక్కటి అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. ఉల్లిరసం గురించి అందరూ చెప్పే అధ్యయనం చాలా చిన్నది, అదీ పేనుకొరుకుడు మీద చేసింది, బట్టతల మీద కాదు. పేనుకొరుకుడంటే గుండ్రంగా పావలా బిళ్లంత మేర ఒక్కసారిగా ఊడిపోవడం. అది మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడడం వల్ల వస్తుంది. దానికి ట్రాన్స్‌ప్లాంట్ చేయకూడదు, ఇంజెక్షన్లతో చాలామందికి తగ్గుతుంది. ఊళ్లల్లో దానికి గురివింద గింజ అరగదీసి పూస్తుంటారు. ఆ గింజ లోపలి పప్పు విషం, పుండ్లు పడి మచ్చకట్టిన తలలు నేను చూశాను. ఎవరైనా చెప్తే వినకండి. అలాగే గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ నిజం కాదు. తలనీలాలు మొక్కుకుంటే ఇవ్వండి, అది వేరే సంగతి. కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురు లోపల ఉంటుంది.

అక్కగారి విషయం మీదాని కంటే తేలిక. కాన్పు, టైఫాయిడ్, డెంగీ, పెద్ద జ్వరాలు, తిండి మానేసే డైటింగ్, వీటి తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. కుదుళ్లన్నీ ఒక్కసారి విశ్రాంతిలోకి వెళ్లడం వల్ల జరిగేది ఇది. చాలావరకు ఆరు నెలల నుంచి ఏడాదిలో దానంతట అదే సర్దుకుంటుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ చూపించమనండి, తిండి బాగా తినమనండి. పాలిచ్చే తల్లి కాబట్టి పైన చెప్పిన మందులేవీ తీసుకోకూడదు. పాపిడి వెడల్పవుతుంటే మాత్రం తర్వాత డాక్టర్‌కి చూపించాలి.

మళ్లీ మీ దగ్గరికి. ఏడాది మందులు వాడాక, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఊడడం ఆగిందని తేలి, ముందు మూలలు ఇంకా మిమ్మల్ని బాధపెడుతుంటే, అప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ మంచి మార్గమే. నేను దానికి వ్యతిరేకిని అయితే వారానికి రెండు రోజులు ఆపరేషన్ థియేటర్లో ఎందుకుంటాను? సరైన వయసులో, సరైన లెక్కతో చేస్తే పక్కన కూర్చున్న మంగలికి కూడా తెలియదు. కానీ ఎవరైనా మీ తలని లెన్సుతో చూడకుండా గ్రాఫ్టుల సంఖ్య చెప్తే అక్కడితో ఆపేయండి. ట్రైకోస్కోప్ అనే ఆ లెన్సు పెట్టి ముందు చూసినట్టే వెనకా చూడాలి. కొందరికి నారుమడిలోనే వెంట్రుకలు సన్నబడుతుంటాయి. వాళ్లకి ఎంత డబ్బున్నా ఆపరేషన్ చేయకూడదు, నాటినవి కూడా పోతాయి. ఫోన్‌లో ఫోటో చూస్తే ఇది కనిపించదు.

4,000 గ్రాఫ్టులు ఒకే రోజు అన్న మాట నన్ను నిజంగా కలవరపెట్టింది. ఒక్కొక్కటి మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉండే, పంచ్ అనే గుండ్రటి కత్తితో, వెంట్రుక ఏ వాలులో ఉందో ఆ వాలులోనే దిగి, వేరు తెగకుండా బయటికి తీయాలి. నాకు, నా టీమ్‌కి 2,500 గ్రాఫ్టులకి ఏడెనిమిది గంటలు పడుతుంది. తీసిన గ్రాఫ్ట్‌ని చల్లటి ద్రావణంలో ఉంచి వీలైనంత త్వరగా నాటాలి. బయట గడిచే ప్రతి గంటకీ కొన్ని చస్తాయి. ఒకే డాక్టర్ ఒకే రోజు నలుగురికి చేస్తున్నాడంటే మీ తల మీద ఎవరి చెయ్యి పడుతోందో మీకు తెలియదు. పైగా మత్తు సూది మందుకి మీ బరువును బట్టి ఒక హద్దు ఉంటుంది. సెషన్ పెద్దదయ్యేకొద్దీ ఆ హద్దు దాటే ప్రమాదం పెరుగుతుంది. ఇది చిన్న విషయం కాదు. 2016లో చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత చనిపోయాడు. 2025లో కాన్పూర్‌లో ఒక ఇంజనీర్ చనిపోతే, ఆపరేషన్ చేసిన దంత వైద్యురాలి మీద కేసు నమోదైంది. ఆరోగ్యంగా నడిచి వెళ్లిన మనుషులు వీళ్లు.

2022 సెప్టెంబరులో, దేశంలో డాక్టర్లకి నియమాలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ దీని గురించి స్పష్టంగా చెప్పింది. చర్మవ్యాధుల్లోనో ప్లాస్టిక్ సర్జరీలోనో శిక్షణ పొంది, రిజిస్టరైన డాక్టరే చేయాలి. టెక్నీషియన్లు ఆయన కళ్ల ముందు సాయం చేయొచ్చు, అంతే. కాబట్టి వెళ్లినచోట డాక్టర్ డిగ్రీ ఏమిటో అడగండి. గోడ మీద కాస్మెటాలజీ సర్టిఫికెట్ ఉంటే చాలదు. రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. పంచ్ ఎవరు పట్టుకుంటారు, గీత ఎవరు గీస్తారు, నాటే చీలికలు ఎవరు చేస్తారు అని ఒక్కొక్కటిగా అడగండి. ఆక్సిజన్, అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉన్న అత్యవసర ట్రాలీ చూపించమనండి. సిగ్గుపడకండి, నన్ను అడిగితే నేను తీసుకెళ్లి చూపిస్తాను. లెక్క గ్రాఫ్టుల్లోనా, వెంట్రుకల్లోనా అన్నది కాగితం మీద రాయించుకోండి. 2,000 గ్రాఫ్టుల్ని 4,000 వెంట్రుకలు అని అమ్మేవాళ్లు ఉన్నారు. అలాగే ధరలో జీఎస్టీ కలిసిందో లేదో చూసుకోండి. అందం కోసం చేసే ట్రాన్స్‌ప్లాంట్‌కి పన్ను మినహాయింపు లేదు, మామూలుగా ఇన్సూరెన్సూ రాదు.

సఫైర్, డీహెచ్‌ఐ, ఇంకా ఏవేవో పద్ధతుల పేర్లు చెప్తారు. వాటికి అంత విలువ ఇవ్వకండి. నిజంగా తేడా ఉన్నది రెండింటికే: చర్మాన్ని పట్టీగా కోసి తీసే ఎఫ్‌యూటీ, ఒక్కొక్క గుత్తీ తీసే ఎఫ్‌యూఈ. మొదటిదాంట్లో వెనక గీతలా మచ్చ మిగులుతుంది, రెండోదాంట్లో తెల్లటి చుక్కలు. తిరుపతిలో గుండు చేయించుకునే అలవాటున్న ఇంట్లో ఇది ముందే ఆలోచించుకోవాలి. గుండు కొడితే రెండూ కనిపిస్తాయి.

ఇంకో మాట, మీ ఫిబ్రవరి గురించి. క్లినిక్ వాళ్లు చెప్పినట్టు ఈ నెలలో చేయించుకున్నారనుకోండి. మూడో రోజు నుదురు వాచి కళ్లలోకి దిగుతుంది. పదో రోజుకి పెచ్చులు రాలతాయి. ఆ తర్వాత కొన్ని వారాల్లో నాటిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి, కుదురు మాత్రం లోపల ఉంటుంది. వాటి పక్కన ఉన్న మీ సొంత వెంట్రుకలు కూడా ఆ షాక్‌కి కొన్ని రాలతాయి. మళ్లీ మొలకలు కనబడేది మూడు నాలుగు నెలలకి, పూర్తి రూపం వచ్చేది ఏడాదికి. అంటే పెళ్లిచూపులకి మీరు ఇప్పుడున్న దానికంటే పలచటి తలతో వెళ్తారు. ఒక పెళ్లికొడుకు నన్ను అడిగాడు, "సార్, జీలకర్ర బెల్లం నెత్తి మీద పెట్టి గట్టిగా అదుముతారు కదా, గ్రాఫ్టులు ఊడవా?" అని. నెల దాటితే కుదుళ్లు ఊడవని చెప్పాను. కానీ ఆ టెన్షన్‌తో పీటల మీద కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఒక్క రోజు ఫోటోల కోసమైతే వెంట్రుకలు లావుగా కనిపించేలా చల్లే ఫైబర్ పొడి ఉంది. సాయంత్రం తల స్నానంతో పోతుంది. నెత్తికి అతికించే, విగ్గు లాంటి హెయిర్ ప్యాచ్ కూడా ఉంది, మూడు నాలుగు వారాలకోసారి సర్వీసింగ్, జిగురు, వేసవిలో హెల్మెట్ కింద చెమట, ఇవన్నీ భరించగలిగితే అదీ ఒక దారి. సంబంధం చూడడానికి వెళ్లినప్పుడు అమ్మాయికి మాత్రం మీకు జుట్టు ఊడుతోందని, మందులు వాడుతున్నారని చెప్పండి. నా దగ్గరికి పెళ్లయిన జంటలు వస్తుంటారు. దాచిపెట్టిన వాళ్ల ఇళ్లలో గొడవ జుట్టు గురించి ఉండదు, దాచినందుకు ఉంటుంది.

ఈ వారంలో చేయాల్సింది ఇంతే. చర్మవ్యాధుల్లో ఎండీ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి లెన్సుతో ముందూ వెనకా చూపించుకోండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12 చూపించండి, అవి తక్కువుంటే సరిచేసుకోవాలి. ఫినాస్టెరైడ్ గురించి మీ భయాలన్నీ ఆయనకి చెప్పి అప్పుడు నిర్ణయించుకోండి. బాత్రూమ్‌లో ఒకే లైటు కింద, తడి లేని తలతో, ముందు, మూలలు, నడినెత్తి, వెనక నాలుగు ఫోటోలు తీసుకోండి. ప్రతి మూడు నెలలకీ అదే చోట అదే లైటు కింద మళ్లీ తీయండి. అద్దంలో రోజూ చూస్తే ఏమీ తెలియదు, ఆ ఫోటోలే మీకూ డాక్టర్‌కీ సాక్ష్యం.

ఆ క్లినిక్ వాళ్లు నెలాఖరులోపు ఇంకో రెండుసార్లు ఫోన్ చేస్తారు. అడ్వాన్స్ కట్టకండి. ఆపరేషన్ చేసే డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ మెసేజ్ పెట్టమని అడగండి.